రొవీనాలో ఇరవై సెకన్లు

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అక్కడే కూర్చుని, కొన్నవాళ్లకి సంతకాలు పెట్టాలని రికార్డు కంపెనీ వాళ్ల హుకుం. ఎనభై ఏడు ఆగస్టు, ఫ్రెస్నోలో రికార్డుల కొట్టు, పాడైపోయిన ఏసీ. స్టేజి మీద వేసే చిరుత మచ్చల ప్యాంటు వేసుకుని ప్లాస్టిక్ కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాను. సగం డబ్బా స్ప్రే కొట్టి నిలబెట్టిన జుట్టు మూడింటికల్లా చెవుల మీదికి వాలింది. కాటుక చెమటతో కలిసి బుగ్గల మీదికి దిగింది. బల్ల మీద మా రెండో సింగిల్ రికార్డు 'రొవీనా' వంద కాపీలున్నాయి. కవరు మీద బ్యాండు నలుగురం ఉన్నా, వచ్చింది నేనొక్కణ్ణే. మిగతా ముగ్గురూ లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ రోడ్డు స్తంభాలకి మా షో కాగితాలు అంటిస్తున్నారట. వాళ్లు చెప్పిన మాటే చెబుతున్నాను.

"ఏమయ్యా లెన్నీ," అన్నాడు కొట్టు యజమాని హాల్డర్సన్, చీపురుతో నా బూట్ల చుట్టూ ఊడుస్తూ. "పోయిన నెల కుక్కల పెంపకం మీద పుస్తకం రాసినాయన వచ్చాడు. పదకొండు మంది వచ్చారు."

"కుక్కలతో కలిపా?"

"కుక్కలు కాక."

ఆయన్ని అని లాభం లేదు. మా పాట హిట్ పాటల జాబితాలో తొంభై ఆరో మెట్టెక్కి, ఒక్క వారం నిలబడి దిగిపోయింది. మధ్యలో ఆ ఇరవై సెకన్ల గిటారు మాత్రం అద్భుతమని ఒక పత్రికవాడు రెండు వాక్యాలు రాశాడు. ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. సిగ్గుమాలిన పని, ఎందుకంటే బ్యాండులో గిటారు నాదే అయినా అది వాయించింది నేను కాదు. నన్ను భోజనానికి పంపి, కంపెనీ ఎవరినో అద్దెకి పిలిపించింది. బర్గర్ తిని వచ్చేసరికి నా పని అయిపోయింది. ఎక్కడైనా నోరు జారితే బ్యాండులోంచి తీసేస్తామన్నారు. మా అమ్మకి కూడా చెప్పుకోలేదు.

మూడున్నరకి ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఒంటిమీద ఎండుద్రాక్ష ప్యాకింగ్ షెడ్డు ఏప్రన్, చేతిలో గిటారు పెట్టె. పేరు వెర్నా అంది. ఒక్కరైనా వచ్చారని నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆదివారాలు చర్చిలో వాయిస్తుంటాను బాబూ. రొవీనాలో ఆ గిటారు ముక్క నేర్చుకోడానికి రెండు నెలలు పట్టింది. విను."

కుర్చీ లాక్కుని వాయించింది. ఉత్త తీగలే, స్పీకరు లేదు. ఒక తీగని వంచి, అలాగే పట్టుకుని, ఇక పలకదేమో అనిపించేదాకా ఆగి, అప్పుడు వదిలింది. హాల్డర్సన్ ఊడవడం ఆపేశాడు.

"ఇక్కడ వేలు సరిగ్గానే పెట్టానా?"

నాకు తెలిస్తే కదా. "సరిగ్గానే ఉందండీ," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "మీ మొదటి సింగిల్ కూడా కొన్నాను. అందులో బస్సు తప్పిపోతున్నట్టు పరిగెత్తావు. ఇందులో వాయించినాయన ఆగాడు. నువ్వు ఆగే రకం కాదు బాబూ." గొంతు తగ్గించింది. "మా ఆయన పోయాక ఏడాది పాటు ఈ పెట్టె తెరవలేదు. ఆ ముక్క విన్నాకే తెరిచాను. అది వాయించినాయన పేరు చెప్పు, ఉత్తరం రాసుకుంటాను. ఎవరితోనూ అనను."

కాదు నేనే అని బుకాయిస్తే వాదించే మనిషి కాదు, లేచి వెళ్లిపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పర్సులో కాగితం ముక్క, కవరు మీద నా మొహం, ఈ జుట్టు, ఈ ప్యాంటు. ఇవి తప్ప నాకంటూ ఏమీ లేవు. కానీ పేరు నాకు తెలుసు. స్టూడియోలో టేపు డబ్బా మీద పెన్సిల్‌తో రాసి ఉంటే, తర్వాత ఎవరో రబ్బరుతో చెరిపారు. చెరిపినా కనబడింది.

పైనున్న కవరు తీసి, వెండి రంగు పెన్నుతో నా మొహం కిందే రాశాను: హోమర్ డెల్గాడో.

ఆవిడ పెదవులు కదుపుతూ చదువుకుంది. సిరా ఆరేదాకా కవరుని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. చల్లగా ఉండు బాబూ అని వెళ్లిపోయింది. నా సంతకం అడగలేదు.

హాల్డర్సన్ మళ్లీ చీపురు అందుకున్నాడు, ఏమీ విననట్టు. నాలుగు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఇక ఎవరూ రారని తెలిసినా కూర్చున్నాను. బల్ల కింద ఎడమ చేతి వేళ్లు ఆవిడ పెట్టినట్టే పెట్టి, లేని తీగని వంచి పట్టుకున్నాను. ఎంతసేపు ఆగాలో తెలియలేదు.