శవం నవ్వేదాకా

ఏడున్నరకి ప్రసారం. సాయంత్రం నాలుగున్నరైనా ఎపిసోడ్ ఇంకా కెమెరాలోనే ఉంది. ఇవాళ అందకపోతే ఆ టైము ఇంకో సీరియల్‌కి ఇచ్చేస్తామని ఛానల్ వాళ్లు మొహం మీదే చెప్పారు. పదహారేళ్లు ఎవరెవరికో రాసి రాసి, మంజులత తనే నిర్మాతై తీస్తున్న మొదటి సీరియల్ ఇది. ఇంత హడావుడిలో, ఫిల్మ్‌నగర్ బంగళా హాల్లో పాడె మీది శవం లేచి కూర్చుంది గానీ, నవ్వదే!

సినిమావాళ్ల ఆచారం తెలిసిందేగా. చావు సీను చేసినవాళ్లు వెంటనే కెమెరాలోకి చూసి నవ్వాలి, లేకపోతే కీడు. ఆ నవ్వు పడందే కెమెరాలోంచి మెమరీ కార్డు తీయనని కెమెరామన్ రాములు భీష్మించుకు కూర్చున్నాడు.

"జర నవ్వమనుండ్రి మేడం. రేపు అమ్మకేమన్నయితే ఆ పాపం నాకు తాకుతది."

"అమ్మా, ఒక్కసారి నవ్వండి," మంజులత బతిమాలింది.

అమ్మాజీ ముక్కులోంచి దూది తీసింది. ఏడాదిగా ఈ సీరియల్‌కి అత్తగారు ఆవిడే. "పొద్దున సీను కాయితం చేతికిచ్చేదాకా నా చావు నాకే తెలీదు. ఎవరు చంపారే నన్ను?"

"చెప్పాగా అమ్మా, ఛానల్ వాళ్లు..."

"వాళ్లకి ఫోన్ చేశాను."

దొరికిపోయానని మంజులతకి అర్థమైంది. అమ్మాజీకి ఈమధ్య డైలాగు నిలవడం లేదు. పక్కనుంచి అందించినా పది టేకులు, రోజూ ఆలస్యమే. ఆ మాట చెప్పే ధైర్యం లేక మంజులత అత్త పాత్రని చంపేసి, నెపం ఛానల్ మీదికి నెట్టేసింది. పదహారేళ్ల కిందట రహమత్ నగర్ నుంచి కాయితాలు పట్టుకొచ్చిన తనని చూసి, "ఈ పిల్ల రాస్తేనే చేస్తాను" అని పట్టుబట్టిన మనిషి మరి అమ్మాజీ! చేతులెలా వచ్చాయో, ఛీ!

ఫోన్ మోగింది. ఎడిటింగ్ నుంచి. ఇంకో పావుగంటలో కార్డు అందాలి, అంతే.

"నేనే రాసిన అమ్మా," అంది మంజులత. ఏడుపొచ్చేసింది. "మాటలు మర్చిపోతున్నరు. మీకు చెప్పనీకి నోరు రాలే."

అమ్మాజీ ఆ దూదిని వేళ్లతో నలిపింది.

"మర్చిపోతున్నాను, నిజమే," అంది. "నాకూ భయంగానే ఉంది. కెమెరా పెట్టు రాములూ."

నవ్వింది. మనవడు ఇంటికొచ్చినంత సంబరంగా, కళ్లనిండా నవ్వింది. రాములు దండం పెట్టి కార్డు తీశాడు. మంజులత దాన్ని ఓ కుర్రాడి చేతికిచ్చి ఎడిటింగ్‌కి పరుగెత్తించి, ఊపిరి పీల్చుకుని, "అమ్మా" అంటూ వెనక్కి తిరిగింది.

అమ్మాజీ మొహంలో నవ్వు లేదు.

"కెమెరా ఆపేశారుగా," అంది చెప్పులు వెతుక్కుంటూ.