టిటికాకా కప్పల మొర

కొండదేవుళ్ళకు చెవుడొచ్చిందా అనిపించిన ఏడాది అది. చినుకు లేదు. బంగాళాదుంప మొక్కలు పూతకు ముందే తలలు వాల్చేశాయి. అలాంటప్పుడు ఏం చేయాలో టిటికాకా సరస్సు ఒడ్డున చంటిపిల్లకైనా తెలుసు. సరస్సులోని పెద్ద కప్పల్ని కుండల్లో పెట్టి కొండ మీదికి మోసుకెళ్ళాలి. ఇంటికి దూరమై అవి మొర పెట్టుకుంటాయి, దేవుళ్ళు జాలిపడి వాన కురిపిస్తారు.

చిక్కల్లా హిలారియాతోనే వచ్చింది. కప్పలకు కాపలా కాసే ఆడవాళ్ళ జట్టుకు ఆమె పెద్ద. పట్నంలో బలానికని తాగే కప్పల రసం అమ్మే దుకాణాల కోసం దొంగచాటుగా వచ్చేవాళ్ళను తెడ్డు పుచ్చుకుని తరిమిన మనిషి. ఈ సరస్సులో తప్ప లోకంలో మరెక్కడా లేని కప్పలవి, ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఒక్కదాన్ని కూడా గట్టు దాటనివ్వనని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు ఆ కప్పల్ని అడుగుతున్నది ఎవరో కాదు, సొంత మామగారు మకారియో, ఊరి పూజారి.

"చంపుతానన్నానా, కోడలా? పొద్దు వాలగానే తెచ్చి వదిలేస్తా. తాతలనాటి నుంచీ ఉన్నదేగా!"

"తాతలనాడు గంపలకొద్దీ ఉండేవి, మావయ్యా. ఈ కప్పకి ఒళ్ళంతా ముక్కే. ఇంత ఎత్తున గాలి పల్చన కదా, నీళ్ళలోంచే ఊపిరి తీసుకోడానికి తోలు అలా ముడతలు ముడతలుగా పెంచుకుంది. కుండలో కుక్కితే ఉక్కిరిబిక్కిరై చస్తుంది."

"అబ్బో, కప్పకి ఊపిరాడదని ఈవిడకి బెంగ!" అంది పక్కింటి తొమాసా. "చలికాలానికి ఎండబెట్టుకోడానికి మాకు దుంపలేవీ? నీ ఒట్టు ఉడకేసుకుని తినాలా?"

ఆ మాట హిలారియాకు సూటిగా తగిలింది. ఎండుతున్న చేలలో ఆమెదీ ఉంది మరి.

"సరే, నేనే పట్టిస్తా," అంది చివరికి. "కానీ కొండ మీద వాటి పక్కనే కూర్చుంటా. ఒక్కటి చచ్చినా, ఇక ఏ కరువుకీ ఎవరూ కప్పల జోలికి రాకూడదు. బతికాయా, మళ్ళీ తీసుకెళ్ళండి, నేనడ్డం రాను."

"ఒప్పుకున్నా!" అన్నాడు మకారియో.

డప్పులు మోగాయి, పిల్లనగ్రోవులు మోగాయి, ఊరు ఊరంతా కొండెక్కింది. మకారియో నైవేద్యంగా కోకా ఆకులు పరిచి, నాలుగు దిక్కులకూ మొక్కి, కుండల మూతలు తీశాడు. కప్పలు కిక్కురుమనలేదు. కాసేపటికి ఒకటి నాలుగు కాళ్ళ మీదా లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. దాన్ని చూసి నేర్చుకున్నట్టు అన్నీ అదే పని మొదలుపెట్టాయి.

"దండాలు పెడుతున్నాయిరోయ్!" అని ఎవరో అరిచారు. జనానికి పూనకం వచ్చినంత పనైంది. తొమాసా లంగా కుచ్చిళ్ళు ఎగిరేలా గిర్రున తిరిగి ఆడింది.

హిలారియా ఆట ఆపమని చెయ్యెత్తింది. "దండాలూ లేవు, గిండాలూ లేవు! నీళ్ళలో గాలి అయిపోయి ఒళ్ళు కదిలించుకుంటున్నాయి. దింపేద్దాం, మావయ్యా!"

మకారియో కుండలోకి వంగి చూశాడు. ముసలాయన మొహం పాలిపోయింది. కానీ ఎండిన చేలూ ఆయన కళ్ళముందే ఉన్నాయి. "ఇప్పుడు దింపితే మొర సగంలో ఆగిపోతుంది," అని, జనం వైపు తిరిగి గొంతెత్తాడు. "చూస్తారేం? ఒడ్డు దాకా వరస కట్టండి! చల్లటి నీళ్ళు పైకి పంపండి!"

ఇక చూడాలి ఆ హడావుడి! బిందెలు, డబ్బాలు, వంటగిన్నెలు, ఏదీ దొరకనివాళ్ళు నెత్తి మీది టోపీలు. చేల గట్లమీదుగా చేతులు మారుతూ నీళ్ళు కొండెక్కాయి. అంతదాకా హిలారియా కుండల్లో నీళ్ళనే చెంబుతో ఎత్తి పోస్తూ, గాలి కలుపుతూ, కప్పల్ని పేరుపేరునా బతిమాలింది. కొత్త నీళ్ళు పడ్డాక ఒక్కొక్కటే కుదుటపడి అడుగున చతికిలబడింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

పొద్దు వాలింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది, మబ్బు తునక లేదు.

"ఇక చాలు, నీళ్ళాపండి!" అని పైనుంచి కేకేసింది హిలారియా.

ఆ కేక వినపడేసరికి తొమాసా నిండు బిందెతో తన చేలోనే నిలబడి ఉంది. బిందెను చూసింది. కాళ్ళ దగ్గర వాడిన మొక్కల్ని చూసింది. నీళ్ళు వాటి మొదట్లో కుమ్మరించి, "ఆపకండర్రా! ఇంకోటి పంపండి!" అని గొంతు చించుకుంది. ఇన్నాళ్ళూ ఎవరి బిందె వాళ్ళు మోసి, నాలుగు మొక్కలకు చాలక విసిగిపోయిన ఊరు పెద్ద కేక పెట్టింది. నీళ్ళు పైకి, కప్పలు కిందికి, ఒకే వరసలో సాగాయి.

"పూజారీ, వాన రాలేదేం?" అని ఒకడు ఎకసెక్కమాడాడు.

"కప్పలు మొర పెట్టాయి, విన్నవాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. నువ్వు బిందె అందుకో!" అన్నాడు మకారియో.

ఒక్క కప్ప కూడా చావలేదు. ఆఖరిదాన్ని మకారియో తనే మోకాళ్ళ లోతుకు దిగి వదిలాడు. మాట ప్రకారం వచ్చే కరువుకూ ఆయనకు వాటి మీద హక్కుంది. హిలారియా ఒడ్డున బిక్కుబిక్కుమంటూ నిలబడింది.

"వచ్చేసారి వీటిని కదిలించొద్దు, కోడలా," అన్నాడాయన, చేతులు తుడుచుకుంటూ. "వాటికోసం కట్టిన వరస మనకోసం కట్టుకోలేమా?"

హిలారియా బిందె ముంచి ఆయన చేతికిచ్చింది.