ఎర్రగుడ్డ కట్టని సెక్షను

బిర్సీ పడిపోయినప్పుడు కూలీల మీద పెత్తనం చేసే సర్దారు ఏత్వా మొదట పట్టుకున్నది ఆమె బుట్టని. ఆకు ఒలికిపోతుందని. మనిషిని పట్టుకోవడం ఆ తర్వాతే, అదీ పక్క వరసలో ఆకు కోస్తున్న ఝాలో తిట్టాక.

తిత్లీఝోరా టీ తోటలో అంతకు కాసేపటి ముందే మధ్యాహ్నం భోజనాల వేళ అయింది. పద్నాలుగో సెక్షను గట్టు మీద ఆడవాళ్ళంతా కూర్చుని రొట్టెల మూటలు విప్పారు. బిర్సీ ఎప్పటిలాగే చేతికందిన పొదల్లోంచి లేత టీ ఆకు గిల్లింది. ఇంటి నుంచి తెచ్చిన ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త ఆవనూనె వేసి అరచేతుల్లోనే నలిపి పచ్చడి చేసింది. పిన్నిని మా వైపు కాకి అంటారు; సల్గీ కాకి బిందెతో తెచ్చిన ఉప్పు టీ అందరి గ్లాసుల్లో పోసింది. తిన్నారు, తాగారు, బుట్టల తాళ్ళు మళ్ళీ నుదుటికి తగిలించుకుని వరసల్లోకి దిగారు.

కాసేపటికి బిర్సీ నోట్లోంచి చొంగ కారసాగింది. మబ్బు పట్టి చల్లగా ఉన్నా చెమటకి రవిక తడిసి ముద్దయింది. చేతి కండలు చర్మం కింద ఏవో పాకుతున్నట్టు అదిరాయి. "దీదీ, కళ్ళు మసకలేస్తున్నాయి" అంది ఝాలోతో. వాంతి చేసుకుంది. కూలిపోయింది.

"తాగొచ్చింది" అన్నాడు ఏత్వా.

"నువ్వు గాని పోశావా? ఆ బుట్ట వదిలి మనిషిని పట్టుకో!" అని అరిచింది ఝాలో.

తోట ట్రాక్టరు అడిగితే ఆఫీసువాళ్ళు డీజిలు లేదన్నారు. దుప్పట్లో వేసి మోసుకుపోయారు. దారిలో ఎవరో ఉప్పునీళ్ళు నోట్లో పోశారు, కక్కుతుందని. ఆమె కక్కలేదు, ఉక్కిరిబిక్కిరయింది. తోట ఆసుపత్రి కాంపౌండరు సెలైను సీసా తగిలించి, హండియా ఎక్కువైందని తేల్చాడు. హండియా మా లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, పులియబెట్టే బియ్యపు కల్లు. బిర్సీ చర్చికి పోయే మనిషి, ఆ వాసనకే ముక్కు మూసుకునేది. ఆ మాటే చెబితే, "అయితే ఎవరో పోసి ఉంటారు" అన్నాడు కాంపౌండరు. చదువుకున్నవాడు కదా, జవాబు లేకుండా ఏ ప్రశ్ననీ వదలడు.

పొద్దు గూకకముందే బిర్సీ పోయింది. ఆమె పక్కన తిన్న ఇద్దరు వాంతులు చేసుకుని, వణికి, ఎలాగో బతికారు.

మర్నాటి నుంచి సల్గీ కాకి బిందె నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొచ్చింది. ఎవరూ గ్లాసు చాపలేదు. ఆకు కోసేవాళ్ళకి ఉప్పు టీ మోయడం తప్ప ఆమెకి వేరే పని లేదు, ఇంట్లో వేరే మనిషీ లేదు. ఆ మధ్య కోడిపెట్ట గురించి బిర్సీతో పోట్లాడిందని ఒకరికి గుర్తొచ్చింది. పోట్లాడుతూ నేల మీద ఉమ్మిందని ఇంకొకరికి గుర్తొచ్చింది. సాయంత్రానికి ఆ ఉమ్ము ఎర్రగా ఉందని కూడా తేలింది.

ఏత్వా మాత్రం చాలా న్యాయంగా మాట్లాడాడు. "నేనెవర్నీ అనట్లేదు. అందరికీ పోసిన చెయ్యి ఎవరిదని మాత్రమే అడుగుతున్నా" అన్నాడు ఇంటింటికీ తిరిగి.

మంత్రగత్తె అని పేరు పడితే ఏమవుతుందో సల్గీ కాకికి తెలుసు. నది అవతలి తోటలో ఒకామె గుడిసె కూల్చి అడవిలోకి తరిమారు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదామె. కాకి తలుపు గడియ వేసుకుని కూర్చుంది. ఆ గడియ కూడా ఆమెకి పనికొచ్చేది కాదు, గాలికి తప్ప దేనికీ అడ్డం కాదది.

ఆదివారం పొద్దున ఓఝా వచ్చాడు, చేతబడి చేసినవాళ్ళని పట్టిచ్చే పెద్దమనిషి. పంపు దగ్గర లైను లైనంతా చేరింది. సాల ఆకు మీద ఆవనూనె పోసి, బియ్యపుగింజలు వేసి, కళ్ళు మూశాడు. సల్గీ కాకిని ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆమె ఏడవలేదు. పట్టుకున్నవాళ్ళిద్దరూ చిన్నప్పుడు ఆమె చేత్తో టీ తాగినవాళ్ళే. వాళ్ళ మొహాల్లోకి మార్చి మార్చి చూసింది.

ఝాలో ఓఝా కాళ్ళకేసి చూస్తోంది.

"బాబా, నిన్నంతా వాన. దారంతా బురద. నీ కాళ్ళకి మట్టి అంటలేదే?"

ఓఝా కళ్ళు తెరిచాడు. "ట్రాక్టరు మీద వచ్చానమ్మా."

"ఎవరి ట్రాక్టరు?"

"ఎవరిదేంటి, తోటదే. మేనేజరు సాబే పంపారు. ఎంత మర్యాద!" అన్నాడు సంబరంగా.

ఏత్వాకి దగ్గు వచ్చింది.

"ఆగు సర్దారూ, దగ్గు తర్వాత" అంది ఝాలో. "బిర్సీని మోయడానికి డీజిలు లేదన్నారు. ఈయన్ని మోయడానికి ఎక్కణ్ణించి వచ్చింది? మనకి జబ్బు చేస్తే రాని ట్రాక్టరు, మనలో మనం కొట్టుకు చావడానికి వస్తుందా?"

గుంపులో గుసగుస లేచింది.

"ట్రాక్టరు సంగతి పక్కన పెట్టవే. చచ్చింది నిజం కదా?" అంది వెనకనించి ఒక ముసలామె.

"నిజమే కాకీ. ఎట్లా చచ్చిందో అదీ చూద్దాం. ఆ రోజు సల్గీ కాకి పోసిన టీ తాగినవాళ్ళు చేతులెత్తండి."

ఒకరినొకరు చూసుకున్నారు. ఒక చెయ్యి లేచింది. తర్వాత అన్నీ లేచాయి.

"సర్దారూ, నీదీ ఎత్తు. రెండు గ్లాసులు లాగించావు. చుట్టంలా ఇంకోటి పొయ్యమన్నావు కూడా."

నవ్వారు. బిర్సీ పోయాక లైన్లో వినపడ్డ మొదటి నవ్వు అది. ఏత్వా చెయ్యి భుజం దాకా లేచింది.

"దించండి. ఇప్పుడు బిర్సీ నలిపిన పచ్చడి తిన్నవాళ్ళు."

రెండు చేతులు లేచాయి. వాంతులు చేసుకున్న ఆ ఇద్దరివి. మూడో చెయ్యి మట్టిలో ఉంది.

"అదేంటే! ఆ పచ్చడి మా అమ్మమ్మలు తిన్నారు, మేం తింటున్నాం. ఆకుకి దోషం ఎక్కడిది?" అంది ముసలామె.

"మీ అమ్మమ్మ తినేటప్పుడు మందు కొట్టిన సెక్షనుకి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు కాకీ. ఈ వానాకాలంలో ఎక్కడన్నా చూశావా గుడ్డని?"

అప్పుడు అందరికీ తట్టింది. పురుగుమందు కొడితే వెదురుకర్రకి ఎర్రగుడ్డ కట్టి వరస మొదట్లో పాతేవారు. అది తీసేదాకా ఆ ఆకు కోసేవాళ్ళు కాదు, నోట పెట్టేవాళ్ళు కాదు. గుడ్డ లేదంటే ఆకు మంచిదనే లెక్క. ఆ లెక్కతోనే బిర్సీ చెయ్యి చాపింది. గుడ్డ కట్టడమే మానేస్తారని మా లైన్లో ఎవరూ ఊహించలేదు. కంపెనీని అన్ని విషయాల్లో అనుమానించేవాళ్ళం, ఒక్క గుడ్డపేలిక విషయంలో నమ్మాం.

"పద్నాలుగులో మందు ఎవరు కొట్టారు?" అని అరిచాడొకడు.

పంపు పక్కన నించున్న బంధన్ నోరు విప్పాడు. బంధన్ ఝాలో మొగుడు, మందు కొట్టే ముఠాలో వాడు.

"నేనే. ఆ పొద్దున్నే కొట్టాను. గుడ్డ కట్టబోతే ఏత్వా లాక్కున్నాడు. కడితే కోత ఆగిపోద్దంట. బయట చెప్తే ఎప్పటికీ పర్మనెంటు చెయ్యరంట."

"నాకూ చెప్పలేదేం రా!" అంది ఝాలో. ఆ మాటలో తిట్టు లేదు. అందుకే వినడానికి భయమేసింది.

బంధన్ ఏదో చెప్పబోయాడు. మాట ముద్దగా వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. సిగ్గుతో ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ.

సల్గీ కాకి లేచి నించుంది. "వీడు ఏడవట్లేదు. నోరు చూడండి. ఆ చొంగ చూడండి. బిర్సీ ఇట్లాగే కాలేదూ?"

ఆదివారమైనా పొద్దున్నే వాడిచేత మందు కొట్టించారు. చిల్లుపడ్డ పిచికారీ డబ్బా వీపుకి తగిలించుకుని కొట్టి, మిగిలిన మందు డబ్బాతో నేరుగా ఇటే వచ్చాడు. చొక్కా వెనక భాగమంతా తడి. చెయ్యి కండ అదురుతోంది. ఈసారి హండియా అని ఒక్కరూ అనలేదు. చూసింది చూసినట్టు గుర్తుపట్టారు.

"ఆ చొక్కా పీకెయ్యండి. గుడ్డలన్నీ తీసెయ్యండి" అంది కాకి.

ఇందాక ఆమె రెక్కలు పట్టుకున్న ఇద్దరూ వెనక్కి తగ్గారు, ఆమె చెయ్యి తగులుతుందని. ఝాలో వాళ్ళని నెట్టేసింది. "ముట్టుకో కాకీ. నా మొగుడు వీడు. నేను చెబుతున్నా, ముట్టుకో."

ఒకరు పంపు కొట్టారు, ఒకరు సబ్బు తెచ్చారు. చేతులకి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని వీపు, మెడ, జుట్టు, గోళ్ళ సందులు రుద్ది కడిగారు. "ఉప్పునీళ్ళు తాగిస్తే కక్కేస్తాడు" అన్నారెవరో. "బిర్సీకి పోశారుగా, ఏమైంది? ఊపిరాడక కొట్టుకుంది" అని కాకి గ్లాసు పారబోసింది. పక్కకి తిప్పి పడుకోబెట్టారు. మందు డబ్బా మూత బిగించి గోనెలో కట్టారు.

"ట్రాక్టరు ఉందిగా" అంది ఝాలో.

డ్రైవరు ఏత్వాకేసి చూశాడు. ఏత్వా ఆడవాళ్ళకేసి చూశాడు. వాళ్ళ చేతుల్లో కొడవళ్ళు లేవు, కర్రలు లేవు. అయినా దారిచ్చాడు. అప్పటికే తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఎక్కి కూర్చున్న ఓఝాని ఎవరూ దించలేదు. అలా ఆయన కూడా టౌనుకి వచ్చాడు.

సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ బంధన్ కంట్లోకి టార్చి వేసింది. కంటిపాప ఆవగింజంత అయింది. డబ్బా మీద పేరుకి నల్లరంగు పూసి ఉంది. మూత దగ్గర వాసన తగలగానే మొహం తిప్పుకుని, విరుగుడు ఇంజెక్షను తెప్పించింది. ఒకటి చాల్లేదు, మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. ఊపిరి నిలబడింది.

"కడిగి తెచ్చారు కాబట్టి, కక్కించలేదు కాబట్టి దక్కాడు. చెమట, చొంగ, కళ్ళు మసక, కండలు అదరడం, ఛాతీ పట్టేయడం... ఇవి కనపడితే ఇంకేం ఆలోచించకండి. బట్టలు తీసి, సబ్బుతో కడిగి, డబ్బాతో సహా ఇక్కడికి తెచ్చెయ్యండి. మీ తోట ఆసుపత్రిలో ఈ ఇంజెక్షను ఉండాలే?" అంది డాక్టరమ్మ.

"మా తోట ఆసుపత్రిలో హండియా అనే మాట ఒక్కటే ఉంటుందమ్మా" అంది ఝాలో.

ఓఝా అన్నీ శ్రద్ధగా విన్నాడు. "ఆ సూది నాక్కూడా ఒకటి ఇప్పిస్తారా?" అని అడిగాడు.

సోమవారం ఎవరూ బుట్ట ఎత్తలేదు. ఆడా మగా అంతా మేనేజరు బంగళా ముందు కూర్చున్నారు. మందు కొడితే ఎర్రగుడ్డ కట్టాలి, గుడ్డ తీసేదాకా ఆ సెక్షనులో ఎవర్నీ దించకూడదు. మందు కొట్టేవాళ్ళకి కారని డబ్బా, చేతి తొడుగులు, సబ్బు ఇవ్వాలి. విరుగుడు తోట ఆసుపత్రిలో ఉండాలి. బిర్సీ తాగి చచ్చిందన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఇంతే అడిగారు.

మేనేజరు మెట్ల మీదే నిలబడ్డాడు. పక్కన ఠాణా నుంచి వచ్చిన ఎస్సై. "మన మందు చాలా మెత్తనిది. ఆకుకి ఏ హానీ చెయ్యదు. ఎవరో మిమ్మల్ని రెచ్చగొడుతున్నారు" అన్నాడు మేనేజరు.

ఝాలో రేకు పళ్ళెంలో ఆకు పచ్చడి తెచ్చి మెట్టు మీద పెట్టింది. "హాని లేదంటున్నారుగా సాబ్. ఒక్క ముద్ద. మా చేతి వంట ఎప్పుడూ తిన్లేదు మీరు."

"నేను టిఫిను చేశాను."

"సర్దారు భయ్యా?"

ఏత్వాకి ఉన్నట్టుండి కడుపునొప్పి.

ఎస్సై ఈ ప్రాంతం వాడే, ఈ పచ్చడి రుచి తెలిసినవాడు. ఆడవాళ్ళ నాటకం అక్కడితో తేల్చేద్దామనుకున్నాడు. "ఇదా మీ గొడవ? ఇలా ఇవ్వు" అని వేళ్ళతో ముద్ద తీసి నోటి దాకా ఎత్తాడు.

"తినకు!" మేనేజరు ఎస్సై చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ముద్ద మెట్ల మీద పడింది.

ఎస్సై తన వేళ్ళు చూసుకున్నాడు. తర్వాత మేనేజర్ని చూశాడు. తర్వాత చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు, గట్టిగా, చాలాసేపు.

ఝాలో పళ్ళెం తీసుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. నింపాదిగా నమిలింది. "ఇది పద్నాలుగో సెక్షను ఆకు కాదు సాబ్. సల్గీ కాకి పెరట్లో పొదది. దానికి మందు కొట్టే దిక్కు లేదు. మీకెందుకంత భయమేసింది?"

పళ్ళెం చేతులు మారింది. తలా ఒక ముద్ద తిన్నారు.

ఝాలోని అక్కడే పట్టుకున్నారు. విధుల్లో ఉన్న అధికారికి విషం తినిపించబోయిందని కేసు. అది రుజువు కావాలంటే తన ఆకు మీద విషం ఉందని కంపెనీయే కోర్టులో ఒట్టు పెట్టి చెప్పాలి. రాస్తూ రాస్తూ ఎస్సైకి ఆ సంగతి తట్టింది. కలం ఆపాడు. పైనించి ఫోను వచ్చింది. మళ్ళీ రాశాడు.

"ఉల్లిపాయలు నావి దారోగా బాబూ, నన్నూ రాసుకో" అంది ఒకామె.

"మిరపకాయలు నావి. ఘాటంతా నాదే."

"నలిపింది నేను."

సల్గీ కాకి అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. "ఆకు నాది. అసలు ముద్దాయిని వదిలేసి వీళ్ళ పేర్లెందుకు రాస్తావయ్యా?" ముందురోజు ఆమె రెక్కలు పట్టుకున్న ఇద్దరూ ఆమెకి చెరో చెయ్యి ఇచ్చి పోలీసు వ్యాను ఎక్కించారు, వాళ్ళూ ఎక్కారు. వ్యాను చాల్లేదు. మిగిలినవాళ్ళు ఠాణా దాకా నడిచారు.

సాయంత్రానికి అందర్నీ వదిలేసి ఝాలోని ఉంచేశారు. బెయిలు ఇంకా రాలేదు. బంధన్ ఆసుపత్రి మంచం మీంచి లేచి, అడిగిన ప్రతివాడికీ గుడ్డ ఎవరు లాక్కున్నారో చెబుతున్నాడు. పద్నాలుగో సెక్షనులో ఆకు ముదిరిపోతోంది.

ఈ కథ నది దాటింది. అవతలి తోటలో మొన్న పొద్దున ఆడవాళ్ళు సెక్షను మొదట్లో ఆగిపోయారు. దిగండి, దిగండి అని సర్దారు అరిచాడు. వాళ్ళు బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు.

"ఇక్కడ మందు ఎప్పుడు కొట్టారు?" అని అడిగింది ఒకామె.

సర్దారు ఆఫీసుకేసి చూశాడు. ఆఫీసులోంచి ఎవరూ బయటికి రాలేదు. వాళ్ళు లేవలేదు.