దేవమ్మ గోల్డెన్ హిట్స్

మధ్యాహ్నం రెండు దాటినా మిరప చేలో ఇంకా ఆరు సాళ్లు మిగిలాయి. దేవమ్మ వేళ్లు మంటెత్తి చాలాసేపయింది. ఆ చేత్తో ముట్టుకుంటే కళ్లూ మండుతాయని తెలిసి కూడా రెండుసార్లు చెమట తుడుచుకుంది. ఆళ్లగడ్డ నుంచి ఆటోలో వచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు వంచిన నడుము ఎత్తకుండా కాయ కోస్తున్నారు. కూలి మూడు వందల యాభై. ఐదింటిలోపు చేను కాకపోతే అందులో యాభై తగ్గిస్తానని మేస్త్రీ పొద్దున్నే చెప్పాడు.

పక్క సాలులో ఉన్న సౌజన్య ఫోన్ తీసి గంప అంచున నిలబెట్టింది.

"అక్కా, నీకు చెప్పనే లేదు. మా నాయనకు నువ్వు పాడిన పాట ఇను."

పాట మొదలైంది. "చెప్పులు వాకిట్లో ఉండాయి, చెప్పి పోతివా, ఏసోబూ..."

గొంతు దేవమ్మదే. కానీ ఏసోబు కోసం ఆమె ఎన్నడూ పాడలేదు. నెల కిందట అతను పోయినప్పుడు, చావింట ఆదరణ పాట పాడటానికి తనను పిలుస్తారని రెండు రోజులు తలుపు దగ్గరే కూర్చుంది. ఎవరూ రాలేదు.

"ఏం దేవమ్మా!" వెనక నుంచి షాహీదా నవ్వింది. "ఈడ కాయ కోస్తాండావ్, ఆడ పాట పాడతాండావ్. ఎన్ని గొంతులుండాయి నీకు?"

అందరూ నవ్వారు. దేవమ్మ ఫోన్ మీదికి వంగింది. తెర మీద తన మొహమే ఉంది. ఎవరింట్లోనో చావునాడు తీసిన ఫొటో. కింద 'దేవమ్మ గోల్డెన్ హిట్స్, ఇరవై ఆదరణ పాటలు' అని ఉంది. మీ వారి పేరుతో పాట కావాలంటే ఐదు వందలు పంపమని ఒక నంబరు కూడా.

"నిన్నే పిలుద్దామనుకొంటిమి," అంది సౌజన్య, తలెత్తకుండా. "మాయన్న ఇది జూసినాడు. దుడ్లు కొట్టిన పది నిమిషాలకు పాట వచ్చె. మాయమ్మ పొద్దున లేస్తానే ఇదే పెట్టుకుంటాది."

"మీ నాయన్ను ఇంట్లో ఏమని పిలుస్తాంటిరి?"

సౌజన్య చేయి కొమ్మ మీద ఆగింది. "చిన్నబ్బా అని. ఏసోబు రేషన్ కార్డులో పేరు."

దేవమ్మ మళ్లీ కాయ అందుకుంది. అలా అడగడం ఆమె పాడే పద్ధతి. చావింటికి వెళ్తే ముందు గడప బయట ఆడవాళ్ల పక్కన కూర్చుంటుంది. పోయిన మనిషిని ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో అడుగుతుంది. పాటలో ఆ పేరే పెడుతుంది. ఒక ఇంటి పాటను ఇంకో ఇంట్లో పాడదు. హార్మోనియం కరుణాకర్ బతికున్నంత కాలం, డోలక్ బుడేన్ ఆటో కొనుక్కునే దాకా, ముగ్గురూ చాగలమర్రి నుంచి నందికొట్కూరు దాకా అలాగే తిరిగారు.

ఈ పాట మాత్రం ఏ ఇంటిదీ కాదు. జ్వరంతో ఎనిమిదేళ్లకే పోయిన తన కూతురు ఫెబాది. పన్నెండేళ్ల కిందట నంద్యాలలో కుందూ సౌండ్స్ వాళ్లు సీడీ రికార్డు చేసిన రోజు, పని ముగిశాక ఇంకా అరగంట మిగిలింది. "నా బిడ్డ పాట ఒకటుండాది అప్పా, నా మటుకు నాకు ఎక్కించియ్యి," అని ఆమే అడిగి పాడింది. ఒకే ఒక్క సీడీ ఇచ్చారు. గీతలు పడి అది పలకడం మానేసి ఆరేళ్లవుతోంది. ఇంకో కాపీ అడగడానికి పోతే, ఆ పాట తమ దగ్గర లేదన్నారు.

మర్నాడు ఆమె కూలికి పోలేదు. ఆళ్లగడ్డ బస్టాండులో బుడేన్ ఆటో పక్కన నిలబడి ఉగ్గాని తింటున్నాడు. ఆమె చేతిలో ఒక మిరపకాయ బజ్జీ పెట్టాడు.

"నేనూ ఇన్నాలే అక్కా. నా డోలక్ పీకేసి మిషన్ దరువు పెట్టినారు. నిన్నన్నా ఉంచినారు, నన్నైతే మాయమే చేసినారు."

"నంద్యాలకు నాతో వస్తావా?"

బుడేన్ రోడ్డు వైపు చూశాడు. "ఫైనాన్సోడు పదకొండుకు వస్తాడక్కా. నువ్వు బో. బిరీన బో, బస్సు కదులుతాంది."

బస్సులో ముందు సీట్లో కొత్తగా పెళ్లయిన జంట ఒకే జామకాయను వంతులేసుకుని కొరుక్కుంటున్నారు. అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. అబ్బాయి పెద్ద ముక్క కొరికాడని ఆమె గిల్లింది. దేవమ్మకు తెలియకుండానే నవ్వొచ్చింది. పక్కన ఎవరన్నా ఉంటే చూపించేది. పక్క సీటు ఖాళీగా ఉంది.

కుందూ సౌండ్స్ ఇప్పుడు పెద్ద మేడ మీద ఉంది. యజమాని రాజశేఖర్ లేచి ఎదురొచ్చి కుర్చీ జరిపాడు.

"నేనే కబురు పెడదామనుకుంటాండా, నువ్వే వచ్చినావ్. వచ్చే ఆదివారం సభ పెడతాండాం. నీకు శాలువా, పదివేలు. హైదరాబాదు కంపెనీ వాళ్లు మన పాటలు తీసుకుంటారంట. ఈ కాగితం మీద సంతకం పెట్టమ్మా."

"నన్నడగకుండా ఎట్ల ఇడిస్తిరప్పా?"

"పాటలు మావే గదా. ఆ పొద్దు బస్సు చార్జీల వోచర్ మీద ముగ్గురూ సంతకాలు పెట్టినారు, జూస్కో. ఇప్పుడు గొంతుకు సంతకం కావాల. అది వాళ్ల రూలు."

"నా గొంతులో నేను పిలవని పేర్లు కంప్యూటర్‌తో పిలిపిస్తాండారు."

"పుణ్యమే గదమ్మా. ఎన్నిళ్లకు పోగలవు నువ్వు? ఇదైతే రోజుకు నలభై ఇళ్లకు పోతాంది."

సౌజన్య వాళ్లమ్మ పొద్దున్నే లేచి ఫోన్ ముందు కూర్చోవడం దేవమ్మ కళ్లలో మెదిలింది. ఆ ముసలామెకు అదన్నా ఉంది.

"నా బిడ్డ పాట నాకియ్యి," అంది చివరికి. "నేను పాడింది పాడినట్లు. అదిస్తే పెడతా."

రాజశేఖర్ ముఖం వికసించింది. "ఇంతేనా!" కంప్యూటర్ వైపు తిరిగి నాలుగు మీటలు నొక్కాడు. స్పీకర్లు పలికాయి. "చెప్పులు వాకిట్లో ఉండాయి, చెప్పి పోతివా, ఫెబా..."

తీయగా, తేటగా, ఒక్క చోట కూడా తొణకకుండా సాగింది పాట.

దేవమ్మ కళ్లు మూసుకుని వింది. రికార్డు చేసిన ఆ రోజు పేరు దగ్గరికి వచ్చేసరికి తన గొంతు తెగిపోయింది. బుడేన్ చేయి డోలక్ మీదే నిలిచిపోయింది. కరుణాకర్ ఒక్కడే హార్మోనియం మెట్టు వదలకుండా పట్టుకున్నాడు, ఆమె ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునే దాకా. పాటంతా ఆ కాసేపట్లోనే ఉంది.

"ఇది కాదు. నేను ఆగింటి ఆడ."

"అదా? అది తప్పు గదమ్మా, కోసేసినాం. క్లీన్ చేసినాక పాతది ఎందుకుంచుతాం, యాడుంచుతాం?"

"లేదా ఇంక?"

"లేదు. ఇదే బాగుండాది, ఇను ఇంకోసారి." పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

కారం మంట తగ్గని వేళ్లతో ఆమె పెన్ను పట్టుకుంది. కాగితం మీద తన పేరు అచ్చు వేసి ఉంది. దాని కింద గీత ఖాళీగా ఉంది. పదివేలంటే నెల రోజుల కూలి. ఆమె పెన్నును కాగితం మీద అడ్డంగా పెట్టింది.

"పెట్టను."

"పెట్టకపోతే ఆగుతాదా? ఊరూరికీ పోయింది పాట."

"పోనీ. నేనిచ్చినానని మాత్రం రాసుకోవద్దు. నా బిడ్డను పిలిచేది ఎవురో ఏమో. నేను కాదు."

మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. ఆటోలు, చెరకు రసం బండి, బడి వదిలిన పిల్లలు. గొంతు సవరించుకుని, తనకు మాత్రమే వినబడేంత మెల్లగా పాట ఎత్తుకుంది. పేరు దగ్గర గొంతు తెగింది. హార్మోనియం మెట్టు పట్టుకోవడానికి ఎవరూ లేరు. ఆమె ఆగింది.

పైన కిటికీలోంచి ఆమె గొంతు ఎక్కడా ఆగకుండా పాడుతూనే ఉంది.