చుక్క స్పిరిట్

మా అత్తమ్మ బషీరున్నీసా ముక్కుకు కోరుట్లలో సాటి లేదు. పక్కింట్లో కూర మాడితే మా ఇంట్లోంచే చెప్తుంది. అందుకే ఆ మధ్యాహ్నం వంటింట్లోకి వస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేసరికి నా పని అయిపోయిందనుకున్నాను.

"దుల్హన్, ఇంట్ల సారా వాసనేంది?"

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. జగిత్యాలలో మా ఫార్మసీ కాలేజీకి తాళం. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పెరిగినదాన్ని, ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. పైగా నా చదువుకు అత్తమ్మ ఇచ్చిన గడువు ఈ ఒక్క ఏడాదే. ఆ మాట పెళ్లికి ముందే తేల్చి చెప్పింది. అందుకే ప్రయోగం ఇంట్లోనే మొదలుపెట్టాను, అదీ హకీంగా వైద్యం చేసిన ఆమె తండ్రి రాతి కల్వంలో.

పసుపు సారం నీళ్లలో సరిగ్గా కరగదు, తిన్నా ఒంటికి పట్టదు. సులువుగా కరిగే తెల్లపొడి ఒకటి జతచేసి నూరితే రెండూ ఒకే స్ఫటికంలో ఒదుగుతాయని, అప్పుడు పసుపు సారం కూడా బాగా కరుగుతుందని నా ఆశ. ఉత్తగా నూరితే ఆ రెండూ అలిగినట్టు విడివిడిగానే ఉంటున్నాయి. మధ్యలో చుక్క స్పిరిట్ పడాలి. అత్తమ్మ పసిగట్టిన వాసన అదే.

"మా అబ్బాజాన్ కల్వంల సారా పోసినవా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. కళ్లనిండా నీళ్లతో కల్వం కడగడానికి ఎత్తబోయింది. నా కష్టమంతా మోరీ పాలవుతుందని కల్వం అంచు గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మీ, మోకాళ్ల నొప్పులకని రోజూ పసుపు పాలు తాగుతవు గదా. అండ్ల సారం ఒంటికి పట్టేది చాన తక్కువ."

"మరి గిన్నేండ్లు తాగిందంతా యాడికి పోయింది?"

నేను పెరట్లోని మరుగుదొడ్డి వైపు చూశాను. ఆమెకే తట్టి, నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది.

"స్పిరిట్ అండ్ల ఉండది అమ్మీ. రెండిటిని కలిపి, ఆరిపోతది."

"పెండ్లి కుదిర్చినోని లెక్కనా?"

"గట్లనే. కాకపోతే ఇది బిర్యానీ తినదు."

కల్వం కింద పెట్టింది. మర్నాటి నుంచి నా చేయి నొప్పెడితే తనే నూరేది. స్పిరిట్ మాత్రం ముట్టలేదు. చుక్క వేసే వేళకు నన్ను పిలిచి, పక్క గదిలోకి వెళ్లి, వాసన పోయాక వచ్చేది. ఆ రోజుల్లోనే ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగగానే జగిత్యాలకు తనూ బయల్దేరింది. "నూరిందాన్ని, నేను చూడద్దా?"

ల్యాబులో పొడిని సన్నటి గాజు గొట్టంలో పెట్టి వేడి చేశాం. విడివిడిగా ఉంటే ఒకటి ముందు, ఇంకోటి తర్వాత కరగాలి. మొత్తం పొడి ఒక్కసారే కరిగింది. అత్తమ్మ నా భుజం పట్టుకుంది.

"ఇది మొదటి గుర్తే," అన్నాడు మా నారాయణ సార్. "నిజంగ ఒక్కటైనయా, నీళ్లల్ల ఎంత కరుగుతది, ఒంటికి ఎంత పడతది, అన్నీ చూడాలె. ఇంకో ఏడాది పడతదమ్మా."

నా సంతోషం అక్కడే చప్పబడింది. అత్తమ్మ విననట్టు, గాజు గొట్టం ముందున్న భూతద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

తిరుగు బస్సు ఎక్కాం. నేను పాసు చూపించాను, ఆమె టికెట్ తీసుకుంది. కండక్టర్ ముందుకు పోబోతుంటే పిలిచింది.

"బాబు, గీ పాసు వచ్చే ఏడాదికి గూడ ఇస్తరా?"

"చదువుకునేటోళ్లకు ఇస్తరమ్మా."

"అయితే మా పిల్లకు ఇస్తరు."

నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.