హాలు గోడకి రెండు రంగులు

షేడ్ కార్డులో పక్కపక్కనే ఉన్న ఆ రెండు చదరాల మధ్య తేడా రమాసుందరికి తప్ప ఇంకెవరికీ కనిపించలేదు. ఒకటి వెన్నరంగు, ఇంకొకటి మీగడరంగు.

"రెండూ ఒకటే కదే! ఏదో ఒకటి వేయించేస్తే పోలా?" అన్నాడు భర్త పూర్ణచంద్రరావు.

రమాసుందరికి ఒళ్లు మండింది. ఆయనది థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. ఇరవై ఏళ్లు క్వార్టర్స్‌లోనే కాపురం. అక్కడి గోడలకి ఏ రంగు వేయాలో ఎక్కడో ఎవరో నిర్ణయించేవారు. మంచం ఎక్కడ వేయాలో చెప్పడం వరకే ఆవిడ అధికారం, దాని వెనక గోడ మీద మాత్రం లేదు. ఇప్పుడు, రెండు వేల రెండులో, ఇబ్రహీంపట్నంలో సొంతిల్లు లేచింది. కనీసం హాలు గోడైనా తన మాట వినాలని ఆవిడ పట్టుదల.

"మీ కళ్లకి అన్నీ ఒకటేలెండి. మీగడరంగే వేయాలి," అంది.

"వెన్న," అన్నాడాయన, ఊరికే ఉడికించడానికి.

పెయింటరు బడే మియా ఇలాంటి జంటల్ని చాలామందిని చూశాడు. మాటల్లో తల దూర్చకుండా కిటికీ పక్కన మీగడరంగు, తలుపు పక్కన వెన్నరంగు జానెడేసి పట్టీలు పూశాడు. "రాత్రికి ఆరనివ్వండమ్మా. పొద్దున వెలుగులో చూసి చెబుదురుగాని," అని వెళ్లిపోయాడు.

తెల్లవారి చూస్తే కిటికీ పక్క పట్టీ ఎంత బాగుందో! కళ్లలో పొడవకుండా చల్లగా, నిండుగా ఉంది.

"చూశారా? ఇదీ అదీ ఒకటేనా?"

పూర్ణచంద్రరావు కళ్లజోడు తుడుచుకుని చూసి, "కాదు, ఒప్పుకున్నాను," అన్నాడు. ఇక రమాసుందరిని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పక్కింటి జ్ఞానేశ్వరిని పిలిచి మరీ ఆ పట్టీ చూపించింది.

మర్నాడు మీగడరంగు పెద్ద డబ్బా తెచ్చి బడే మియా ఎదుటి గోడంతా వేశాడు. అది ఆరాక రమాసుందరి వచ్చి చూసింది. గోడ పసుపుపచ్చగా, అచ్చం ఆయన వెన్నరంగులాగే ఉంది.

"డబ్బా మారింది బడే మియా!"

"నంబరు అదేనమ్మా," అని డబ్బా తిప్పి చూపించాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి తడిగుడ్డతో పట్టీని ఒక పక్క గట్టిగా రుద్దాడు. గుడ్డకి బూడిద అంటింది. "మొన్న రాత్రి కిటికీ గానీ తీసి పెట్టారా?"

"పెయింటు వాసన పోతుందని తీశాను."

ఇంటి ముందు రోడ్డు మీద రాత్రంతా థర్మల్ స్టేషన్ నుంచి ఇటుక బట్టీలకి బూడిద తోలే లారీలు తిరుగుతాయి. ఆ బూడిద తడి పట్టీ మీద మెత్తగా పరుచుకుని ఆరిపోయింది. రుద్దిన చోట అసలు మీగడరంగు బయటపడింది. దానికీ వెన్నకీ నిజంగానే పెద్ద తేడా లేదు.

పూర్ణచంద్రరావు పడీపడీ నవ్వాడు. "నా చొక్కాకి బూడిదంటిందని ఇరవై ఏళ్లు గుమ్మం బయటే నిలబెట్టావు. ఇప్పుడు ఏరికోరి దాన్నే నట్టింట్లోకి తెచ్చుకున్నావా?"

రమాసుందరికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పోనీలెండి, ఇదే ఉండనివ్వండి అనేస్తే సరిపోయేది. క్వార్టర్స్‌లో ఏటేటా అన్న మాటే అది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేసింది.

"బూడిదైతేనేం, నాకు నచ్చింది. గుడ్డ తగలని చోట ఉంది చూడండి బడే మియా, ఆ రంగు కలపగలరా?"

బడే మియా ముఖం వెలిగింది. షేడ్ కార్డులొచ్చాక అతన్ని చేత్తో రంగు కలపమని అడిగినవాళ్లు లేరు. "నంబరు లేని రంగమ్మా. ఎక్కడ ఆపాలో మీరే చెప్పాలి," అన్నాడు. బకెట్లో మీగడరంగు పోసి, నల్లరంగు సీసాలోంచి ఒక చుక్క వేసి, కర్రతో బాగా తిప్పి పట్టీ పక్కన రాశాడు.

"ఇంకొకటి," అంది రమాసుందరి.

వేశాడు. తిప్పాడు. రాశాడు.

"చాల్లేవయ్యా, బాగానే ఉంది," అన్నాడు పూర్ణచంద్రరావు. బడే మియా అటు చూడనైనా లేదు. సీసా వంచి పట్టుకుని రమాసుందరి ముఖంలోకే చూస్తున్నాడు.

"ఇంకొక్కటి."

పడింది. తిప్పి, రాసి, పక్కకి జరిగి నిలబడ్డాడు. రమాసుందరి దగ్గరికెళ్లి చూసింది, వెనక్కి వచ్చి చూసింది.

"ఆపండి," అంది.

బడే మియా సీసాకి మూత బిగించేశాడు.