లాకులు మూసేలోగా

మా ఎర్విన్ మామయ్య టీవీలో వాతావరణం చెబుతాడు. అమ్మకు సొంత తమ్ముడు. మా కాలువ పొడుగునా ఉన్న ఊళ్లలో గవర్నరు పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గాని, ఆయన పేరు తెలియనివాళ్లు లేరు. పోయిన ఏడాది ఆగస్టు వరకూ ఆ సంగతి మాకు గొప్పగానే ఉండేది.

తెల్లరొయ్యల వేట మొదలైన వారంలోనే అప్పుడు మా కాలువ కలిసే గల్ఫు సముద్రంలో తుఫాను పుట్టింది. తుఫాను కేంద్రం వాళ్లు అది పోయే దారిని గీతగా గీసి పంపితే చానళ్లన్నీ ఆ గీతనే చూపిస్తాయి. ఆ గీత మాకు దూరంగా, తూర్పుగా పోయింది. మామయ్య ఒప్పుకోలేదు. అందరూ చూస్తుండగా ఎర్ర రంగుతో తన సొంత గీత గీశాడు, సరిగ్గా మా కాలువ మీదికి. బోట్లు లోపలికి తెచ్చుకోమన్నాడు. నలభై బోట్లు వలలు ఎత్తుకుని, కాలువ మొగలో సముద్రపు నీటిని ఆపే లాకులు దాటి వచ్చేశాయి. తుఫాను మాత్రం కేంద్రం వాళ్ల గీత మీదే పోయింది. మాకు చినుకు కూడా పడలేదు. ఏడాదిలో అన్నిటికన్నా మంచి వారం అది. బయట వేరే ఊళ్ల బోట్లు రొయ్యలు దోచుకుపోతుంటే మావాళ్లు గట్టున కూర్చుని ఎండ చూశారు.

చానల్ మేనేజరు లోర్నా గారు మామయ్య చేత టీవీలోనే క్షమాపణ చెప్పించింది. కేంద్రం గీత తప్ప మరో గీత తెర మీద కనబడకూడదని కాగితం రాయించుకుంది. ఊరికి అది చాలలేదు. ఈ వసంతంలో బోట్ల దీవెన పండగనాడు ప్లాసిడ్ బాబాయి ఒక గడ్డిబొమ్మ చేశాడు. దానికి కోటూ టై తొడిగి, చేతికి గొడుగిచ్చి, తన బోటు ముందు నిలబెట్టి కాలువంతా ఊరేగించాడు. బొమ్మ వేలు తూర్పుకి కట్టి ఉంటే మొహం పడమటికి తిప్పి ఉంది. ఫాదర్ నవ్వు ఆపుకోలేక దాని మీద కూడా పవిత్రజలం చల్లాడు. మామయ్య గట్టు మీద నిలబడి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. చప్పట్లు కొట్టి కొట్టి ఆయన చేతులు ఎర్రగా అయిపోయాయి.

ప్లాసిడ్ బాబాయి మాకు పక్కింటివాడు, మామయ్యతో కలిసి చదువుకున్నవాడు. ఆయన కూతురు నోరీన్‌ది నా తరగతే. స్కూల్లో నాతో మాట్లాడేది అదొక్కతే. దాని పేరే ఆయన బోటుకి పెట్టుకున్నాడు.

ఈ ఆగస్టులో మళ్లీ తుఫాను వచ్చింది. మంగళవారం పొద్దున మామయ్య చానల్‌కి పోతూ మా ఇంట్లో ఆగాడు. నేను రొయ్యలు ఒలుస్తున్నాను. నేనున్నట్టు ఆయన గమనించలేదు, నన్ను ఎవరూ పెద్దగా గమనించరు. గీత ఈసారీ తూర్పుకే ఉంది గాని అది నిలవదని అమ్మకు చెప్పాడు. గల్ఫులో మనవైపు నీళ్లు మరీ వేడిగా ఉన్నాయి, తుఫానుని తూర్పుకి నెట్టాల్సిన గాలి బలహీనపడుతోంది. కేంద్రం వాళ్లకీ అది తెలుసు. కాని వాళ్లు గీతని ఒక్కసారిగా జరపరు, జనం గాభరా పడతారని ఆరు గంటలకోసారి కొంచెం కొంచెం జరుపుతారు. అది జరిగి జరిగి మన మీదికి వచ్చేసరికి నీళ్లు లేచి లాకులు మూసేసి ఉంటారు. ఇదీ ఆయన లెక్క.

అమ్మ రొయ్యల చిప్ప పక్కకి పెట్టింది. నాన్న బోటు అప్పుడు బయట అఖాతంలో ఉంది, ప్లాసిడ్ బాబాయి బోటు పక్కనే.

"బావని వచ్చేయమను. ఫోన్లో చెప్పు, బోటు రేడియోలో వద్దు, అందరూ వింటారు" అన్నాడు మామయ్య.

"వెర్నాకి కూడా ఒక మాట చెప్పనా?" అంది అమ్మ. వెర్నా పిన్ని అంటే నోరీన్ వాళ్లమ్మ.

"చెప్పు. ప్లాసిడ్ గాడు రేడియోలో ఊదరగొడతాడు, ఎర్విన్ గాడు మళ్లీ గీత గీశాడని. సాయంత్రానికి నా ఉద్యోగం ఉండదు. ఈసారీ తప్పైతే బొమ్మని కాదు, నన్నే కడతారు."

అమ్మ ఫోన్ తీసి నాన్నని వచ్చేయమంది. ఎందుకు వచ్చాడని ఎవరైనా అడిగితే ఇంజన్ బాగాలేదని చెప్పమని నాకు చెప్పింది. సాయంత్రానికి నాన్న లాకులు దాటి వచ్చి ఇంటి వెనక బోటు కట్టేశాడు. ఎందుకు రమ్మన్నారని అమ్మని అడిగాడు, విన్నాడు, గడ్డం గోక్కున్నాడు. ఆయన కూడా పక్కింటి వైపు పోలేదు.

బుధవారం మధ్యాహ్నం నోరీన్ మా వంటింట్లోనే ఉంది. ఇద్దరం టీవీ చూస్తున్నాం. ఆ వేళప్పుడు జనం ఫోన్ చేసి మామయ్యని ప్రశ్నలడుగుతారు. గీత అప్పటికి రెండు వేళ్లంత మావైపు జరిగింది, అయినా తూర్పునే ఉంది. మామయ్య దాన్ని చూపించి, మనకు గాలీ కాస్త వానా తప్ప పెద్దగా ఉండదని కేంద్రం చెబుతోందన్నాడు. తర్వాత ఫోన్ మోగింది. అవతల ఇంజన్ చప్పుడు. నోరీన్ నవ్వింది, వాళ్ల నాన్న గొంతు గుర్తుపట్టి.

"ఏమయ్యా ఎర్విన్, నేను ప్లాసిడ్‌ని. రొయ్యలు తెగ పడుతున్నాయి. ఐసు పెట్టె ఇంకా సగం ఖాళీగానే ఉంది. నన్ను ఉండమంటావా, రమ్మంటావా?"

"గీత చూస్తున్నావుగా" అన్నాడు మామయ్య.

"గీత సంగతి కాదురా. నీకేమనిపిస్తోంది?"

ఎగతాళి కాదది. నాకు బాగా గుర్తుంది. నవ్వుతూ మొదలుపెట్టాడు గాని ఆ చివరి మాట నిజంగానే అడిగాడు. మామయ్య కూడా కనిపెట్టి ఉండాలి. ఒక్క క్షణం కెమెరా వైపు కాక పక్కకి, అద్దాల గది వైపు చూశాడు. లోర్నా గారు కూర్చునేది అక్కడే. తర్వాత చక్కగా నవ్వాడు.

"నాకనిపించింది విని పోయిన ఏడాది వారం పోగొట్టుకున్నావు కదా, ప్లాసిడ్. కేంద్రం వాళ్ల మాట విను. నా మాట వినకు."

స్టూడియోలో ఎవరో నవ్వారు. నోరీన్ కూడా నవ్వింది. మామయ్య అన్నదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు.

పది నిమిషాలకి నోరీన్ ఫోన్ మోగింది. వాళ్ల నాన్నే. విని, నావైపు తిరిగి, మా నాన్న నిన్న ఎందుకు వచ్చేశాడో కనుక్కోమంటున్నాడంది. బావ వెళ్లిపోయాడంటే బావమరిది ఏదో చెప్పే ఉంటాడని ఆయన అనుమానం.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరగలేదు.

"ఇంజన్ బాగాలేదు" అన్నాను.

"ఏమైందట?"

అంతవరకే చెప్పి ఊరుకోవచ్చు. ఏమైందో తెలీదంటే నమ్మేది కూడా, నాకు ఇంజన్ల గురించి ఏం తెలుసు. కాని నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. దాన్ని నిజం చెయ్యాలనిపించింది.

"నీళ్ల పంపు పోయింది. కొత్తది రావాలి. వారం పడుతుందట."

నోరీన్ అదంతా ఫోన్లో చెప్పింది. అవతల ఆయన అయ్యో అన్నాడు, మంచి వేటలో పోయిందే అని. నాక్కూడా వినబడింది. రేపు సాయంత్రం దాకా ఉండి వస్తానని చెప్పి పెట్టేశాడు.

గురువారం తెల్లారకముందే నీళ్లు లేచాయి. లాకుల గోడ మీది ప్రమాదపు గుర్తు దాటగానే తలుపులు మూసేశారు. పది గంటలకి కేంద్రం వాళ్ల గీత మా మీదికి వచ్చింది. ప్లాసిడ్ బాబాయి అప్పటికే తిరుగుముఖం పట్టాడు. తొమ్మిదిన్నరకే లాకుల అవతలకి చేరాడు. కరకట్ట మీద నిలబడిన వాళ్లందరికీ బోటు కనబడుతోంది. హారన్ మోగిస్తూనే ఉన్నాడు. వెర్నా పిన్ని లాకుల మనిషి చొక్కా పట్టుకుంది. బయట నీరు లోపలికంటే ఆరడుగుల ఎత్తులో ఉంది, తలుపు తీస్తే మూడు ఊళ్లు పోతాయని ఆయన చెబుతూనే ఉన్నాడు, ఏడుస్తూ. అరగంట చూసి బాబాయి బోటు తిప్పాడు, రెల్లు అడవుల్లో ఎక్కడైనా దాక్కుందామని. వాన తెరలో బోటు మాయమైపోయేదాకా నోరీన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

తుఫాను మా మీదుగా పోయాక, శనివారం లాకులు తీశారు. కరెంటు లేదు, కొట్లు లేవు, రోడ్డు మీద ఇళ్ల కప్పులున్నాయి. వెతకడానికి అందరికంటే ముందు వెళ్లింది నాన్న. ఆయన వెళ్లాక మామయ్య వచ్చాడు. తెల్ల చొక్కా నలగలేదు. జనాన్ని అనవసరంగా భయపెట్టకుండా కేంద్రం మాటకు కట్టుబడ్డాడని చానల్ వాళ్లు మెచ్చుకున్నారట. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన బల్ల మీద చిందిన కాఫీని వేలితో గీతలా లాగుతూ, "నా గీత గీసి ఉంటే ఇక్కడికి వచ్చేది అక్కా, సరిగ్గా ఇక్కడికి" అన్నాడు. అమ్మ గుడ్డ తెచ్చి తుడిచేసింది.

సాయంత్రం కరకట్ట మీద జనం లేచి నిలబడ్డారు. మా బోటు వస్తోంది. వెనక భాగాన టార్పాలిన్ కప్పి ఉంది. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెర్నా పిన్నిని ఇద్దరు పట్టుకున్నారు. నోరీన్‌ని ఎవరూ పట్టుకోలేదు. అది నా పక్కనే నిలబడి టార్పాలిన్ వైపు కాక ఇంజన్ వైపు చూస్తోంది.

"బాగానే నడుస్తోందే" అంది.

నేను టార్పాలిన్ వైపు చూశాను.

"కొత్త పంపు ఎక్కడ దొరికింది? కొట్లు లేవుగా."

బోటు దగ్గరికొచ్చింది. ఇంజన్ చప్పుడు ఎక్కడా తడబడకుండా వస్తోంది.

"ఇంజన్ బాగాలేదని ఎవరు చెప్పమన్నారు?"

"అమ్మ."

"పంపు అని?"

"అది నేనే చెప్పాను."

నోరీన్ తలూపింది, లెక్క సరిపోయినట్టు. నాన్న తాడు విసిరాడు. అందుకోవడానికి అది గట్టు దిగింది. సాయానికి నేనూ ఒక అడుగు వేశాను.

"నువ్వక్కడే ఉండు" అని, తాడు అందుకుని, మా బోటుని గుంజకి గట్టిగా కట్టింది.